చిగురుకు తేదీ వేద్దాం

(ఫిబ్రవరి మొదటి వారంలో వరంగల్ ప్రాంతంలోని ఒక స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో, ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలల ఉపాధ్యాయుల ముందు ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎజెండాలో నా పేరు పక్కన 'ఋతువులు, తరగతి గది కృత్యాలు' అని ఉంది. ఆరు ఋతువుల గురించీ చెప్పను. వసంతం ఒక్కటే చెబుతాను. ఎందుకంటే అది ఇంకో రెండు మూడు వారాల్లో మన బడి ప్రహరీ దాకా వచ్చేస్తుంది. మనమేమో అప్పటికి పరీక్షల్లో ఉంటాం. ఏటా ఇదే జరుగుతోంది.

చాలా ఏళ్ళ కింద ఒక మార్చి నెలలో ఐదో తరగతి పిల్లలకు పని ఇచ్చాను. వసంత ఋతువు గురించి పది వాక్యాలు రాయమన్నాను. 34 మంది రాశారు. ఇంటికి తీసుకుపోయి దిద్దుతుంటే పది కాగితాలు అయ్యేసరికి చెయ్యి ఆగిపోయింది. అందరిదీ ఒకటే. 'వసంత ఋతువులో చెట్లు చిగురించును. కోకిలలు కూయును. ప్రకృతి పచ్చని చీర కట్టుకొనును.' వాళ్ళు ఎవరిదో చూసి రాయలేదు. అంతకు ముందు వారం బోర్డు మీద నేను రాయించిన వాక్యాలే అవి.

మర్నాడు తరగతిలో నిలబడి కిటికీలోంచి చూశాను. గోడ అవతల బీడులో మోదుగ చెట్టు. ఒక్క ఆకు లేదు, కొమ్మ కొమ్మకూ పువ్వు, మంట అంటుకున్నట్టు ఉంది. 34 కాగితాల్లో ఒక్కదాంట్లో కూడా మోదుగ లేదు. "ఆ చెట్టేంట్రా?" అని అడిగాను. ఇక చూడండి, ఒకరి మాట ఒకరికి వినపడలేదు. పువ్వు అడుగున తీపి ఉంటదని ఒకడు. నాయనమ్మ ఆ ఆకులతోనే విస్తర్లు కుడుతుందని ఒకమ్మాయి. కాముని పున్నమికి ఆ పువ్వు ఉడకబెట్టి రంగు చేసుకుంటామని ఇంకొకడు. "మరి నిన్న ఎవరూ రాయలేదేం?" అన్నాను. "పుస్తకంలో లేదు కదా టీచర్" అన్నారు.

ఆ మాట తర్వాత నేను వసంతం మీద పాఠం చెప్పడం మానేశాను. పిల్లల చేత తేదీలు వేయించడం మొదలుపెట్టాను. ఇవాళ మీకు చెప్పబోయేదంతా ఆ తేదీల సంగతే.

ముందు ఒక చిక్కు విప్పాలి. మన పిల్లవాడు ఒకే రోజు మూడు రకాల కాలాలు నేర్చుకుంటున్నాడు. తెలుగు పీరియడ్‌లో ఆరు ఋతువులు, చైత్రం, వైశాఖం వసంతం. పరిసరాల విజ్ఞానంలో మూడు కాలాలు, ఎండ, వాన, చలి. ఇంగ్లిష్ పీరియడ్‌లో నాలుగు, స్ప్రింగ్, సమ్మర్, ఆటమ్, వింటర్. వాతావరణ శాఖ వాళ్ళవీ నాలుగే కానీ అవి వేరే నాలుగు. జనవరి, ఫిబ్రవరి చలికాలం. మార్చి నుంచి మే దాకా ఎండాకాలం. జూన్ నుంచి సెప్టెంబర్ నైరుతి రుతుపవనాలు. మిగిలిన మూడు నెలలు రుతుపవనాలు వెనక్కి తగ్గే కాలం. అందులో వసంతం అనే పేరే లేదు. ఏది నిజం అని పిల్లవాడు అడిగితే ఏం చెబుతాం?

ఇక్కడే మనం ఒక పొరపాటు కూడా చేస్తున్నాం. ఆటమ్ అంటే శరదృతువు అని బోర్డు మీద రాస్తాం, పసుపు ఆకులు రాలుతున్న బొమ్మ చూపిస్తాం. మన శరత్తు ఆశ్వయుజం, కార్తీకం. దసరా, దీపావళి రోజులు. వానలు పడి వెళ్ళిన ఆ రోజుల్లో వేప, కానుగ, రావి నిండుగా పచ్చగా ఉంటాయి. మన దగ్గర ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. అంటే ఇప్పుడు. చలిదేశాల చెట్టు గడ్డకట్టే చలి కాలాన్ని దాటడానికి ఆకు విడుస్తుంది. మన చెట్టు ఎండ ముదరక ముందు నీటి ఖర్చు తగ్గించుకోవడానికి విడుస్తుంది. రెండూ ఆకు రాలడమే, కారణాలు మాత్రం వేరు. మన పెద్దలు శిశిరం పక్కనే వసంతాన్ని పెట్టింది ఈ నేలను చూసి. పాత ఆకు రాలిన కొమ్మకే కొత్త చిగురు వస్తుంది, నడుమ కొన్నిసార్లు పది రోజులు కూడా ఉండదు. పిల్లవాడికి బొమ్మ చూపించే బదులు బయట కానుగ చెట్టు చూపిస్తే చిక్కు దానంతట అదే విడిపోతుంది.

సరే, పని ఎలా చెయ్యాలి? నేను చేసేది చెబుతాను.

ఫిబ్రవరి మొదటి వారంలో, అంటే ఈ వారంలోనే, నలుగురైదుగురు పిల్లలకు ఒక చెట్టు చొప్పున పంచుతాను. బడిలో ఉన్నదో, బడి దారిలో ఉన్నదో. వేప, కానుగ, రావి, మామిడి. బీడు దగ్గరుంటే మోదుగ. ప్రతి జట్టూ తమ చెట్టులో చేతికందే ఒక కొమ్మ ఎంచుకుని దానికి రంగు దారం వదులుగా కడతారు. బిగించి కడితే కొమ్మ ఒరుసుకుపోతుంది, అది మీరే చూసుకోండి. వారానికొక రోజు, మేము శుక్రవారం పెట్టుకున్నాం, ఆ కొమ్మ దగ్గరికి వెళ్ళాలి. దారం నుంచి కొస దాకా ఆకులెన్ని? పసుపు పడ్డవి ఎన్ని? మొగ్గ ఉందా? చిగురు వచ్చిందా? వస్తే ఎంత పొడుగు, ఏ రంగు? ఒక పాత నోటు పుస్తకంలో రాయాలి. ముందు తేదీ. తేదీ లేని మాట ఏదీ ఆ పుస్తకంలోకి రాకూడదు. ఆ ఒక్క నియమం మీద నేను చాలా గట్టిగా ఉంటాను.

రెండు, మూడు తరగతుల పిల్లలు లెక్కపెట్టలేకపోతే మూడు మాటలు చాలు. లేదు, కొంచెం, చాలా. పాత ఆకు చాలా, చిగురు లేదు, పువ్వు లేదు. మళ్ళీ వారం పాత ఆకు కొంచెం, చిగురు కొంచెం. ఇది నా సొంత ఆలోచన కాదు. మన దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది. ఎవరైనా ఒక చెట్టును ఎంచుకుని వారం వారం దాని ఆకు, పువ్వు, కాయ ఏ స్థితిలో ఉన్నాయో నమోదు చేయవచ్చు. కేరళ బడిపిల్లలు అందులో పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు. మనమూ చేరవచ్చు. చేరకపోయినా నోటు పుస్తకం మన దగ్గరుంటుంది.

తేదీకి అంత విలువ ఎందుకో పిల్లలకు చెప్పడానికి నేను జపాన్ దాకా వెళ్తాను. క్యోటో నగరంలో చెర్రీ పూలు ఎప్పుడు విరగబూశాయన్నది క్రీ.శ. 812 నుంచి తెలుసు. మధ్యలో కొన్ని ఏళ్ళు దొరకవు కానీ పన్నెండు వందల ఏళ్ళ లెక్క అది. రాజులు, కొలువులోని వాళ్ళు, సన్యాసులు రాసుకున్న దినచర్యల్లోంచి ఏరి కూర్చారు. రాసినవాళ్ళు శాస్త్రం కోసం రాయలేదు, పూలు చూడ్డానికి వెళ్ళాం అని రాసుకున్నారు, తేదీ వేశారు. 2021లో ఆ పూలు మార్చి 26న నిండుగా పూశాయి, అంత ముందుగా పూయడం ఆ లెక్క మొత్తంలో అదే మొదటిసారి. భూమి వేడెక్కుతోందని చెప్పే సాక్ష్యాల్లో అది కూడా నిలిచింది. మన ఊరి వేప ఎప్పుడు పూసిందో ఇరవై ఏళ్ళ తేదీలు చెప్పమంటే ఎవరి దగ్గరున్నాయి? మన నాలుగో తరగతి పిల్లలు ఇవాళ మొదలుపెడితే ఉంటాయి.

చిగురు దగ్గర ఆగి ఒక ప్రశ్న వెయ్యండి, తప్పకుండా వెయ్యండి. నేల ఎండింది, చెరువు తగ్గింది, వాన ఇంకా మూడు నెలల దూరం. మరి చెట్టుకు కొత్త ఆకు వేయడానికి నీళ్ళు ఎక్కడివి? నేను వెంటనే జవాబు చెప్పను, వారం రోజులు వదిలేస్తాను. పిల్లలు ఇంట్లో అడుగుతారు, బోరు తవ్వేవాళ్ళను కూడా అడిగి వచ్చారు ఒకసారి. తర్వాత చెబుతాను. ఆకుల్లోంచే చెట్టు ఎక్కువ నీరు పోగొట్టుకుంటుంది. ఆకు విడిచేశాక లోతు వేళ్ళు తెచ్చే నీరు ఖర్చు కాకుండా మానులో, కొమ్మల్లో నిలుస్తుంది. ఆ నిలవతో చిగురు వేస్తుంది. వాన వచ్చేసరికి ఆకు ముదిరి పనికి సిద్ధంగా ఉంటుంది. రావి చిగురు రాగి రంగులో ఎందుకుందని అడుగుతారు. ఆకుపచ్చదనం ఇంకా నిండలేదు, ఎరుపు పదార్థం పైకి కనిపిస్తోంది అని చెప్పి, రంగు మారిన తేదీ కూడా రాయమంటాను.

మామిడి దగ్గర లెక్కల పీరియడ్ నడుస్తుంది. ఒక పూగుత్తిలో వందల నుంచి వేల దాకా పూలుంటాయి. అన్నీ లెక్కపెట్టలేం. గుత్తిలో ఒక చిన్న పిల్లకొమ్మ మీద లెక్కపెట్టి, అట్లాంటివి ఎన్నున్నాయో చూసి గుణిస్తారు. అంచనా కట్టడం అంటే ఏంటో అప్పుడు అర్థమవుతుంది. రెండు వారాల తర్వాత అదే గుత్తికి పిందెలెన్ని? ఇంకో రెండు వారాలకు నిలిచినవెన్ని? వేల పూలకు చివరికి ఒకటో రెండో కాయలు. కొన్ని గుత్తులకు అవీ ఉండవు. పిల్లలు దిగులు పడతారు. అప్పుడు చెప్పాలి, ఆ పూలలో ఎక్కువ శాతం మగపూలే, వాటికి కాయ పట్టదు. మిగతా వాటిని తేనెమంచు పురుగు, బూడిద తెగులు, ఈదురుగాలి పంచుకుంటాయి. తోట ఉన్న ఇంటి పిల్లవాడు ఆ రోజు మనకంటే బాగా చెబుతాడు. చెప్పనివ్వండి.

అదే మామిడి తెలుగు పీరియడ్‌కూ పనికొస్తుంది. మొగ్గ, పూత, పిందె, కాయ, దోరకాయ, పండు. జీడి కట్టని పిందె, టెంక ముదిరిన కాయ. మన భాషలో కాయ ఎదుగుదలకు మెట్టు మెట్టుకూ ఒక మాట ఉంది. ఇంట్లో అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగి ఇంకెన్ని మాటలు తెస్తారో చూడండి. మా బడిలో ఒక గోడకు ఆ మాటలే రాసిపెట్టాం, మాట పక్కన తెచ్చిన పిల్లల పేరు, తేదీ.

మోదుగ రంగు గురించి చెప్పకుండా ముందుకు పోలేను. రాలిన పూలు ఏరుకొస్తారు. చెట్టు మీది పువ్వు కోయొద్దని ముందే చెబుతాను, అక్కడ తేనెటీగలూ పిట్టలూ పనిలో ఉంటాయి. రేకులను నీళ్ళలో వేసి వంట చేసే అక్క పొయ్యి మీద మరిగిస్తుంది. వేడి నీళ్ళ దగ్గరికి పిల్లలను రానివ్వం. చల్లారాక ఆ పసుపు నీళ్ళను మూడు గాజు గ్లాసుల్లో పోస్తాం. ఒకటి అలాగే ఉంచి, ఒకదాంట్లో నిమ్మరసం, ఇంకోదాంట్లో చిటికెడు సున్నం. సున్నం వేసింది నారింజ ఎరుపుకు తిరుగుతుంది. నిమ్మరసం వేసింది వెలవెలబోతుంది. ఏడో తరగతి పిల్లలకు ఆమ్లాలు, క్షారాలు పాఠానికి ఇంతకంటే ఏం కావాలి? లిట్మస్ కాగితం లేదని ఆ పాఠం చదివించి వదిలేసిన ఏడాది నాకూ ఉంది. పువ్వు మాత్రం గోడ అవతలే ఉంది. కాముని పున్నమి నాడు ఆ రంగు నీళ్ళే చల్లుకుంటారు, సున్నం కలపని గ్లాసులోవి.

కోకిల గురించి రెండు సంగతులు సరిచేయాలి. కోయిలమ్మ అంటాం కానీ ఆ కూత పెట్టేది మగపక్షి. నల్లగా ఉంటుంది, కన్ను ఎర్రన. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, దాని అరుపు వేరు, గబగబా కిక్ కిక్ అంటుంది. రెండోది, వసంతంలో ఎక్కడి నుంచో వస్తుందనుకుంటారు పిల్లలు. అది ఏడాదంతా మన చెట్లలోనే ఉంటుంది. గుడ్లు పెట్టే కాలం దగ్గరపడ్డాక గొంతు విప్పుతుంది. గుడ్లు పెట్టేది కాకి గూట్లో కాబట్టి కాకి ఎప్పుడు పుల్లలు మోస్తోందో కూడా చూడమంటాను. మామిడి చిగురు తిని కూస్తుందని మనం చెప్పుకుంటాం. అది నిజంగా ఏం తింటోందో చూసి రాయమనండి. మర్రి, రావి, వేప పండ్ల దగ్గర కనిపిస్తుంది. మొదటిసారి కూత విన్న తేదీ, పొద్దున ఎన్ని గంటలకు విన్నారు, ఇవి గోడ మీద రాసే హక్కు ఎవరు ముందు వింటే వాళ్ళది. నిద్ర లేవని పిల్లలు ఐదింటికి లేచారని తల్లులు వచ్చి చెప్పారు.

ఇంకొక పని ఉంది, దీనికి ఒక మీటరు కర్ర చాలు. ఎండలో నిటారుగా పాతి మధ్యాహ్నం అతి చిన్న నీడ ఎంతో కొలవాలి. మన వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇప్పుడు ఫిబ్రవరి మొదట్లో కొలిస్తే నీడ 67 సెంటీమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే మార్చి 20, 21 తేదీల్లో 32 సెంటీమీటర్లు. బడి మూసే ముందు, ఏప్రిల్ 20 దగ్గర, 11 సెంటీమీటర్లు. మార్చిలో ఆ అతి చిన్న నీడ పడేది గడియారంలో పన్నెండుకు కాదు, పన్నెండు ఇరవై ప్రాంతంలో. ఒంటిపూట బడి పన్నెండున్నరకు వదులుతాం కాబట్టి చివరి బెల్లుకు ముందు సరిగ్గా సరిపోతుంది. హైదరాబాద్‌లో మే 9న నీడ పూర్తిగా పాదాల కిందికి వస్తుంది, అది సెలవుల్లో ఇంటి దగ్గర చూడమని చెప్పి పంపిస్తాను.

ఒక ఏడాది మా నాలుగో తరగతి అమ్మాయి రెండు గీతలు ఒకే గ్రాఫ్ మీద గీసింది. కర్ర నీడ వారం వారం తగ్గుతూ వచ్చిన గీత, దారం కట్టిన కానుగ కొమ్మ మీద ఆకులు పెరుగుతూ వచ్చిన గీత. రెండు గీతలూ మార్చి చివర్లో ఒకదాన్నొకటి దాటాయి. "టీచర్, ఎండ పెరిగే కొద్దీ చెట్టు మనకు నీడ పెంచుతోంది" అంది. నేను ఆ వాక్యం ఏ బోర్డు మీదా రాయించలేదు.

ఉగాది విషయం. వేపపువ్వు పిల్లలే రాలినది ఏరి తేవాలి, అంతే నేను కోరేది. చెట్టు పూసిన తేదీ ఎలాగూ పుస్తకంలో ఉంది. కొత్త కుండలో పచ్చడి కలిపి ఆరు రుచులూ పేర్లతో గుర్తుపట్టిస్తాం. మన తరగతుల్లో రంజాన్ చేసుకునే పిల్లలూ ఉన్నారు, వాళ్ళు ఓ మూలకు ఉండిపోకూడదు. అందుకని క్యాలెండర్లు తెప్పిస్తాను. 2024లో ఉగాది ఏప్రిల్ 9, రంజాన్ పండుగ ఏప్రిల్ 11. 2025లో ఉగాది మార్చి 30, రంజాన్ మార్చి 31. ఈ ఏడాది, అంటే 2026లో, ఉగాది మార్చి 19, రంజాన్ కూడా ఆ వెంటే. రెండు పండుగలూ పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ వచ్చాయి. ఎందుకంటే చంద్రుడి పన్నెండు నెలలు 354 రోజులు, సూర్యుడి ఏడాది 365. కానీ వచ్చే ఏడాది విడిపోతాయి. రంజాన్ ఇంకా ముందుకు వెళ్తుంది, ఉగాది మళ్ళీ ఏప్రిల్‌లోకి వస్తుంది, ఎందుకంటే ఈ ఏడాది మధ్యలో అధిక జ్యేష్ఠం ఉంది. ఒక పండుగ చంద్రుడి వెంటే పోతూ కాలాలన్నీ తిరిగి వస్తుంది, ఇంకొకటి వసంతాన్ని వదలకుండా అప్పుడప్పుడు ఒక నెల కలుపుకుంటుంది. ఆ లెక్క ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చుని చేస్తే చాలా బాగుంటుంది.

ఇప్పుడు బాధగా చెప్పే సంగతి. మన దగ్గర వసంతం అంటే మిరపకాయ ఏరే కాలం కూడా. ఫిబ్రవరి నుంచి హాజరు పట్టీలో ఖాళీలు మనందరికీ తెలుసు. ఏజెన్సీ బడుల్లో పనిచేసినవాళ్ళకు ఇప్పపువ్వు తెలుసు. రాత్రి రాలిన పువ్వును తెల్లవారుజామునే ఏరాలి కాబట్టి పిల్లలు ఆలస్యంగా వస్తారు, కొన్ని రోజులు రారు. ఒకమ్మాయి మూడు వారాలు రాలేదు. వచ్చినప్పుడు చేతులు మంటతో ఉన్నాయి, పెన్సిల్ పట్టుకోలేకపోయింది. తన జట్టు పుస్తకంలో తన పేరు కింద మూడు శుక్రవారాలు ఖాళీ. నేను ఏమీ అనకముందే అంది, "చేను గట్టు మీద మోదుగ ఉంది టీచర్, నేను చూసిన, నోటికి చెప్తా రాసుకోండి." పువ్వు ఎప్పుడు నిండుగా ఉంది, ఎప్పుడు రాలింది, గోరింకలు ఏ పూట వచ్చేవి, అన్నీ చెప్పింది. తేదీలు తెలియవు కానీ కూలి డబ్బు ఇచ్చే శనివారాలు గుర్తుపెట్టుకుంది. వాటిని పట్టుకుని తేదీలు కట్టాం. ఆ పిల్ల పనికి పోకుండా చూడటం మన బాధ్యత, ఆ రోజు ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడాను, మళ్ళీ మళ్ళీ మాట్లాడాల్సి వచ్చింది. కానీ తిరిగి వచ్చిన బిడ్డకు తరగతిలో చోటు ఇచ్చింది మాత్రం ఆ పుస్తకమే. ఇప్పపువ్వు ఏరే పిల్లవాడికి కూడా ఆలస్యం అని గీత పెట్టేముందు, ఇవాళ ఎన్ని తట్టలు రాలింది, నిన్నటికంటే ఎక్కువా తక్కువా అని అడగండి. అది వాడి లెక్క, అందులో మనకంటే వాడే పెద్ద.

సిలబస్ ఎప్పుడు పూర్తి చేయాలి అని ముందు వరుసలో సార్ ఇందాకటి నుంచి అడగాలనుకుంటున్నారు. వారానికి ఒక పీరియడ్, ఎక్కువ అక్కర్లేదు. ఎఫ్‌ఏ-4, అంటే నాలుగో నిర్మాణాత్మక మూల్యాంకనం, దాని ప్రాజెక్టు పనికి పిల్లలు నెట్ సెంటర్‌లో బొమ్మలు ప్రింట్ తీసి చార్టుకు అంటిస్తున్నారు కదా, దాని బదులు ఇది పెట్టండి. ఎలాగూ మార్కులు వేయాల్సిందే, ఎండలో నిలబడి రాసినదానికి వేద్దాం. జాగ్రత్తలు కూడా ఉన్నాయి. పొద్దున పది గంటల లోపే బయటకు తీసుకెళ్ళండి. కర్ర నీడ కొలిచేది మాత్రం ఇద్దరు ముగ్గురే, రెండు నిమిషాల పని. తేనెపట్టు ఉన్న చెట్టు ఎవరికీ ఇవ్వకండి. రాలిన ఆకుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపమనండి.

నా దగ్గర ఇప్పుడు తొమ్మిదేళ్ళ పుస్తకాలున్నాయి. మా బడి వేప మొదటి పువ్వు తేదీ ఏటేటా వేరే. దాంట్లోంచి పెద్ద మాటలు ఇప్పుడే చెప్పను, తొమ్మిదేళ్ళు తక్కువ. కానీ మొదటి పుస్తకం రాసినవాళ్ళలో ఒకతను ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు, ఫిబ్రవరి వస్తే ఫోన్ చేసి "టీచర్, మన కానుగ రాల్చిందా?" అని అడుగుతాడు.

ఈ బడి వెనక కూడా కానుగ ఉంది, పొద్దున వచ్చేటప్పుడు చూశాను. ఇంకా పాత ఆకే, కొసలు పసుపు పడుతున్నాయి. దారాలు తెచ్చాను, ఈ సంచిలో ఉన్నాయి. టీ వచ్చేలోపు ఒకసారి బయటికి వెళ్దాం. ఈ బడి ఐదో తరగతి పిల్లలను కూడా పిలవండి మేడమ్, మొదటి తేదీ వాళ్ళ చేతే వేయిద్దాం.